లక్షణం లేని పదం ప్రమాణం కాదు

అక్షపాద గౌతముడు న్యాయదర్శనంలో పదహారు పదార్థాలను పరిగణించాడు. ప్రమాణంతో మొదలై నిగ్రహస్థానంతో ముగిసే ఆ గణనలో 'ఛలం' ఒకటి. ఎదుటివాడు పలికిన పదానికి అతడు ఉద్దేశించని అర్థాన్ని అంటగట్టి, ఆ అర్థాన్ని ఖండించి, అతణ్ణే ఖండించినట్లు చూపడం ఛలం. దీనికి భాష్యకారుడు వాత్స్యాయనుడు చూపిన దృష్టాంతం ప్రసిద్ధం. కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి చూసి ఒకడు నవకంబళుడన్నాడు. నవశబ్దానికి కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలున్నాయి. విన్నవాడు ఆ సందు చూసుకొని, ఇతని ఒంటిమీద ఉన్నది ఒక్క కంబళే గదా, తక్కిన ఎనిమిదీ ఏవని నిలదీశాడు. సభలో నవ్వులు వినిపించాయి. సత్యం మాత్రం ఒక్క అడుగైనా ముందుకు సాగలేదు.

నేటి రాజకీయ చర్చావేదికలమీద ఇటువంటి నవకంబళాలే గుట్టలుగా పడి ఉన్నాయి. సెక్యులరిజం, ప్రగతిశీలత, మూఢనమ్మకం, సమానత్వం అనే మాటలు ప్రతి ఎన్నికల సభలోను, ప్రతి టీవీ చర్చలోను, ప్రతి కళాశాల ప్రాంగణంలోను వినబడతాయి. వాటిని వాడేవారు నిర్వచించరు. వినేవారు నిర్వచనం అడగరు. న్యాయశాస్త్రం ప్రకారం పరార్థానుమానానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలు ఉండాలి. నినాదంలో ఉండేది ప్రతిజ్ఞ ఒక్కటే. హేతువు అడిగినవాణ్ణి ఛాందసుడనడం, లేదా ద్రోహి అనడం, తక్కిన నాలుగు అవయవాల స్థానాన్ని ఆక్రమించింది. ఈ పద్ధతి వాదం కాదు, జల్పం కూడా కాదు. స్వపక్షాన్ని స్థాపించకుండా పరపక్షాన్ని మాత్రమే నిందించే వితండ ఇది.

ఇది రాజకీయుల గొడవ, సాధకునికి దీనితో పనేమిటన్న ప్రశ్న సహజం. సాధకుని మార్గం శ్రవణంతో మొదలవుతుంది. శబ్దం అతనికి ప్రమాణం. శబ్దార్థ సంబంధాన్ని నిలపడానికి మీమాంసకులు, వైయాకరణులు శతాబ్దాల తరబడి శ్రమించారు. ఏ పదానికి ఏ అర్థమో పట్టించుకోని సమాజంలో శ్రవణం చెడుతుంది. శ్రవణం చెడితే మననానికి ఆధారం ఉండదు. ఊరి నుండి హైదరాబాదుకు చదువుకోవడానికి వెళ్ళిన యువకుడు తన నాయనమ్మ చేసే తులసిపూజను 'మూఢత్వం' అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం వింటాడు. సమాధానం తోచక మౌనం వహిస్తాడు. కొంతకాలానికి ఆ మౌనం సిగ్గుగా మారుతుంది. అతనికి ఎవరూ ఏ వాదమూ వినిపించలేదు. లక్షణం లేని ఒక పదం అతని చేత తన ఇంటిని వదిలించింది.

కాబట్టి మొదట లక్షణమంటే ఏమిటో తెలియాలి. తర్కసంగ్రహాన్ని, దానికి దీపికను రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. ఆయన గ్రంథంతోనే నేటికీ దేశమంతటా తర్కాభ్యాసం మొదలవుతుంది. ఆ సంప్రదాయంలో ప్రతి విద్యార్థీ నేర్చే మొదటి పాఠాలలో గోవు లక్షణం ఒకటి. కపిలవర్ణం కలది గోవు అంటే తెల్ల ఆవు, నల్ల ఆవు మిగిలిపోతాయి. ఇది అవ్యాప్తి. కొమ్ములు కలది గోవు అంటే గేదె, మేక కూడా గోవులవుతాయి. ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది గోవు అంటే ఏ గోవుకూ ఆ లక్షణం పట్టదు. ఇది అసంభవం. గంగడోలు కలది గోవు అన్నప్పుడే లక్షణం నిలుస్తుంది. పశువును గుర్తించడానికే ఇంత జాగ్రత్త అవసరమైతే, కోట్లాది జనుల ఆచారాలమీద తీర్పు చెప్పే పదాలకు ఎంత జాగ్రత్త కావాలి?

సెక్యులరిజం అనే పదాన్ని ఈ ఒరిపిడిరాయిమీద గీసి చూడవచ్చు. 1851లో ఆ పదాన్ని కల్పించినవాడు ఇంగ్లండుకు చెందిన జార్జి జాకబ్ హోలియోక్. దైవదూషణ నేరంపై 1842లో చెరసాల అనుభవించినవాడు ఆయన. మాట్లాడినందుకు మనిషిని చెరలో వేసే క్రైస్తవ రాజ్యవ్యవస్థ ఆయన ఎదుర్కొన్న సమస్య. అంతకు రెండు శతాబ్దాల ముందే ముప్పై ఏళ్ళ యుద్ధం యూరప్‌ను రక్తంలో ముంచి 1648లో ముగిసింది. అక్కడ చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ కావాలన్న కోరిక ఆ చరిత్రలోంచే పుట్టింది. ఆ రోగానికి ఆ ఔషధం తగినదే కావచ్చు. కానీ శైవుడు, వైష్ణవుడు, జైనుడు, బౌద్ధుడు సభల్లో వాదించుకున్న దేశానికి, ఒకే పీఠాధిపతి గాని ఒకే ధర్మసంస్థ గాని రాజ్యంపై పెత్తనం చేయని సమాజానికి, అదే మందు అదే మోతాదులో పనిచేస్తుందని ఎవరు పరీక్షించి తేల్చారు?

పోనీ, ఆ పదం పుట్టిన ఖండంలోనైనా దానికి ఒకే అర్థం ఉన్నదా? ఫ్రాన్సు 1905లో చట్టం చేసి చర్చిని రాజ్యం నుండి వేరుచేసింది. అయితే అదే ఫ్రాన్సులోని అల్సాస్, మోసెల్ ప్రాంతాలలో ఆ చట్టం అమలు కాదు. అక్కడి మతాచార్యులకు నేటికీ ప్రభుత్వమే జీతమిస్తుంది. ఇంగ్లండులో రాజే ఆంగ్లికన్ చర్చికి అధినేత. అక్కడి ఎగువసభలో 26 మంది బిషప్పులకు స్థానాలున్నాయి. అయినా ఇంగ్లండును మతరాజ్యమని ఎవరూ అనరు. మతం నుండి వేర్పాటు లక్షణమైతే ఇంగ్లండు విషయంలో అవ్యాప్తి. పౌరులందరికీ ఆరాధనా స్వేచ్ఛ లక్షణమైతే, ఆ మాట పుట్టకముందే అన్యమతస్థులకు ఆశ్రయమిచ్చిన భారతీయ రాజులందరూ సెక్యులరిస్టులే అవుతారు. అది అతివ్యాప్తి.

భారత రాజ్యాంగంలో ఈ పదం ప్రవేశించిన తీరు ఇంకా విచారణీయం. 1948 నవంబరు 15న రాజ్యాంగసభలో కె.టి. షా ఆ పదాన్ని చేర్చాలని సవరణ ప్రతిపాదించాడు. సభ దాన్ని అంగీకరించలేదు. ఆరాధనా స్వేచ్ఛను హామీ ఇచ్చే 25వ అధికరణం మాత్రం ఆ పదం అవసరం లేకుండానే రాజ్యాంగంలో చేరింది. ఆత్యయిక పరిస్థితి కాలంలో, ప్రతిపక్ష నాయకులు అనేకులు చెరలో ఉండగా, 1976 నాటి 42వ సవరణ ద్వారా సెక్యులర్ అనే పదం పీఠికలో చేరింది. హిందీ పాఠంలో అది 'పంథనిరపేక్ష', తెలుగులో 'లౌకిక'. నిర్వచనం ఇవ్వలేదు.

1978లో ఆ లోపాన్ని పూరించే ప్రయత్నం జరిగింది. నాటి జనతా ప్రభుత్వం తెచ్చిన సవరణ బిల్లులో, సెక్యులర్ అంటే సర్వమతాల పట్ల సమాన గౌరవం కలది అన్న నిర్వచనం ఉంది. లోక్‌సభ ఒప్పుకుంది. రాజ్యసభ ఒప్పుకోలేదు. బిల్లులోని తక్కిన భాగాలు 44వ సవరణగా చట్టమయ్యాయి, నిర్వచనం రాలిపోయింది. పదం ఉండాలి గాని దాని అర్థం నిర్ణయం కారాదన్నట్లుగా ఆ కథ ముగిసింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు సెక్యులరిజాన్ని రాజ్యాంగ మూలస్వరూపంలో భాగమని చెప్పింది. పీఠికలోని ఆ పదాన్ని సవాలు చేసిన వ్యాజ్యాలను 2024 నవంబరులో కొట్టివేసింది. తీర్పు శిరోధార్యమే. పదం ఉండవచ్చునని న్యాయస్థానం చెప్పిన మాత్రాన, వీధిలో దాన్ని వాడేవాడికి అర్థం చెప్పవలసిన బాధ్యత తప్పదు.

తెలుగులో ఎంచుకున్న లౌకికమనే అనువాదం నిజానికి శాస్త్రసమ్మతమైన పదమే. లౌకికం, వైదికం అనే విభాగం పతంజలి మహాభాష్యమంత ప్రాచీనం. రాజ్యం లౌకికమంటే దాని అధికారం లోకవ్యవహారం వరకేనని అర్థం. దారులు, చెరువులు, దొంగలు, పన్నులు దాని విషయం. గర్భాలయం దాని విషయం కాదు. ఈ అర్థాన్ని నిజాయతీగా అంగీకరిస్తే ఏ ఆస్తికునికీ అభ్యంతరం ఉండదు. వ్యవహారంలో జరిగింది దీనికి విరుద్ధం. రాజ్యం తన హద్దును తెలుసుకోవడానికి బదులుగా, లౌకికమనే పదాన్నే ఆలయంలోకి విస్తరింపజేసింది.

1972లో తమిళనాడు అర్చకుల వివాదంలో సుప్రీంకోర్టు ఆగమోక్తమైన అర్హతను కాపాడుతూనే, అర్చకుని నియామకం మాత్రం లౌకిక కార్యమని నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ 1987 నాటి 30వ చట్టంతో అర్చకత్వంలోని వంశపారంపర్య హక్కులను, మిరాసీలను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తరువాత 2007లో చట్టాన్ని సవరించి కొంత ఉపశమనం కలిగించారు. ఆ నడుమ గడిచిన కాలంలో, దేవుని సేవ తప్ప వేరే విద్య నేర్వని కుటుంబాల బ్రతుకు ఒక్క విశేషణపదం మీద ఆధారపడింది. ధూపదీప నైవేద్యాలకు దిక్కులేని గ్రామాలయాలు ఎన్నో నేటికీ కనబడతాయి. పదం గాలిలో మాట కాదు. అది ఒకరి ఇంట పొయ్యి వెలగడాన్ని, ఒక గుడిలో దీపం వెలగడాన్ని నిర్ణయిస్తుంది.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉంది, అది బలమైనదే. ధర్మకర్తలు దేవుని మాన్యాలు తినివేసినందుకే గదా 1920ల నాటి మద్రాసు రాష్ట్రంలో దేవాదాయ చట్టాలు పుట్టినవి, ప్రభుత్వం తప్పుకుంటే మళ్ళీ అదే దోపిడి జరగదా అని అడుగుతారు. దోపిడి జరిగిన మాట సత్యం. దాన్ని దాచడం ధర్మపక్షానికి శోభ కాదు. దొంగను పట్టడం, లెక్కలు తనిఖీ చేయడం రాజధర్మం, అది లౌకికమే. కానీ దొంగ పడ్డ ఇంటికి రక్షకభటుడు వచ్చి దొంగను పట్టుకొని వెళ్ళాలి గాని, ఆ ఇంటి యజమానిగా స్థిరపడిపోడు. చర్చి నిర్వహణకు దేవాదాయ శాఖ వంటి శాఖ లేదు. వక్ఫ్ ఆస్తులకు వేరే చట్టం, వేరే బోర్డు ఉన్నాయి. ఆలయానికి మరో విధానం. మూడింటికి మూడు పద్ధతులు పెట్టి, మూడింటినీ ఒకే పేరుతో పిలిస్తే ఆ పేరుకు లక్షణం ఏది? ఇతర మతాల వారిపట్ల ఈర్ష్యతో అడిగే ప్రశ్న కాదిది. వారికి ఉన్న స్వేచ్ఛ వారికి ఉండాలి, అదే స్వేచ్ఛ ఆలయానికీ ఉండాలన్నదే ప్రశ్నలోని తాత్పర్యం.

రెండవ పదం ప్రగతి. దీని కథ తెలుగువారికి మరింత దగ్గరిది. కణాదుడు వైశేషికదర్శనంలో ధర్మానికి లక్షణం చెప్పినప్పుడు అభ్యుదయం, నిఃశ్రేయసం అనే రెండు ఫలాలను కలిపి చెప్పాడు. ఇహలోక సమృద్ధి అభ్యుదయం, పరమపురుషార్థమైన మోక్షం నిఃశ్రేయసం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ఆనాటి నుండి తెలుగునాట అభ్యుదయమనగానే వామపక్ష భావమే స్ఫురిస్తున్నది. ఆ రచయితలలో ప్రతిభావంతులు అనేకులు. కూలివాని చెమటను, అన్నార్తుని వేదనను కావ్యవస్తువుగా నిలిపిన ఉపకారం వారిది. అది మరువరానిది. అయితే కణాదుని జంటపదాలలో ఒకదాన్ని వేరుచేసి తీసుకోవడంతో రెండవది అనాథ అయింది. నిఃశ్రేయసాన్ని కోరేవాడు అభ్యుదయానికి శత్రువన్న అభిప్రాయం కూడా స్థిరపడింది. ధర్మలక్షణంలో సగం పదాన్ని ధర్మానికే ఎదురుగా నిలిపిన విచిత్రం ఇది.

గతి అన్నప్పుడు గమ్యం చెప్పాలి. విజయవాడ స్టేషనులో కాశీకి పోవలసినవాడు చెన్నై రైలెక్కితే, రైలు ముందుకే పోతుంది, వేగంగానే పోతుంది. ఎంత వేగంగా పోతే కాశీ అంత దూరమవుతుంది. ఉమ్మడి కుటుంబం చెదిరిపోవడం ప్రగతియా? వృద్ధాశ్రమాలు పెరగడం ప్రగతియా? బాలికలు బడికి పోవడం, మశూచి మాయమవడం నిస్సందేహంగా మేలు. వాటిని ప్రగతి అని పిలవడానికి కారణం చెప్పవచ్చు, అక్కడ గమ్యం స్పష్టం. కారణం చెప్పలేని మార్పులను కూడా అదే సంచిలో వేసి, సంచి మొత్తాన్ని కొనమనడమే మోసం. మార్పును ప్రశ్నించినవాడు మార్పునంతటినీ నిరాకరించినట్లు కాదు.

మూడవది మూఢనమ్మకం. మూఢశబ్దం మోహానికి సంబంధించినది, నిరక్షరాస్యతకు కాదు. సంప్రదాయం శంకర భగవత్పాదులదిగా చెప్పే భజగోవింద స్తోత్రంలో మూఢమతి అన్న సంబోధన వ్యాకరణం వల్లెవేసే పండితుని కోసం. అక్షరం రాని ముసలమ్మ కోసం కాదు. ధనం, యౌవనం శాశ్వతమని నమ్మేవాడు శాస్త్రదృష్టిలో మూఢుడు. ఆ లెక్కన దీపం వెలిగించే అమ్మకన్నా, ధరలు ఎన్నటికీ తగ్గవని నమ్మి అప్పుచేసి స్థలాలు కొనే విద్యావంతుడే ఆ పదానికి ఎక్కువ అర్హుడు.

లక్షణం చెప్పినప్పుడు కలహం ఎలా తగ్గుతుందో చూపే దృష్టాంతం కూడా ఈ పదం దగ్గరే దొరుకుతుంది. మహారాష్ట్ర 2013లో నరబలి, అమానుష కృత్యాలు, చేతబడుల నిరోధానికి చట్టం చేసింది. దాని కోసం ఏళ్ళ తరబడి వాదోపవాదాలు సాగాయి. చివరికి చట్టం మూఢనమ్మకాన్ని నిర్వచించే పనికి పూనుకోలేదు. దయ్యం వదిలించే నెపంతో కొట్టడం వంటి కృత్యాలను వరుసగా పట్టికలో పేర్కొన్నది. ప్రదక్షిణం, యాత్ర, హరికీర్తనం, ప్రవచనం వంటివాటికి ఈ చట్టం వర్తించదని స్పష్టం చేసింది. శిక్షించవలసి వచ్చినప్పుడు శాసనకర్తకు తెలిసింది ఏమంటే, నినాదంతో శిక్ష వేయలేమని. మనిషిని కొట్టేవాణ్ణి శిక్షించడానికి ఏ భక్తుడు అడ్డు వస్తాడు? నినాదం దయ్యం పేరిట కొట్టేవాణ్ణీ, గోపురానికి నమస్కరించేవాణ్ణీ ఒకే గాటన కడుతుంది. లక్షణం వారిని వేరుచేస్తుంది.

నాలుగవది సమానత్వం. ఇక్కడ ప్రయోగించేది సామాన్యఛలం. ఒక వర్గంలో కొందరికి పట్టే ధర్మాన్ని వర్గమంతటికీ అంటగట్టడం దాని రీతి. సంప్రదాయాన్ని సమర్థించేవాడు అస్పృశ్యతను సమర్థిస్తాడని, ఆగమాన్ని గౌరవించేవాడు మనిషిని అవమానిస్తాడని ఊహించి, ఆ ఊహకే శిక్ష వేస్తారు. అస్పృశ్యత పాపం. దాన్ని 17వ అధికరణం నిషేధించడం ధర్మసమ్మతం. ఆ పాపాన్ని శాస్త్రం పేరుతో కప్పిపుచ్చినవారు శాస్త్రానికే అపకారం చేశారు. అయితే దానిపై తిరగబడిన స్వరాలలో రామానుజుడు, బసవేశ్వరుడు, అన్నమయ్య, వేమన, నారాయణ గురువు ఉన్నారు. వారికి ఆ బలం సర్వభూతాలలో ఒకే ఆత్మను చూసే దర్శనం నుండి వచ్చింది. సమదర్శనం సత్తను చూస్తుంది, పాత్రలను చెరిపివేయదు. తల్లికీ బిడ్డకూ గౌరవం సమానం, పని సమానం కాదు. గౌరవంలో సమత్వమా, పనిలో అభేదమా అన్నది చెప్పకుండా సమానత్వమని అరవడం ఎవరికీ న్యాయం చేయదు. అవమానితుడైన మనిషికి అసలే చేయదు.

ఇంతవరకు చదివి సంతోషించిన ఆస్తికుడు ఇక తన ఇంటివైపు చూసుకోవాలి. పరపక్షానికి ఒక తూకం, స్వపక్షానికి మరో తూకం ఉంటే అదీ ఛలమే. సనాతనమన్న పదం నేడు జెండాలమీద, వాహనాల అద్దాలమీద, పరస్పర దూషణలలో కనబడుతున్నది. సనాతనమంటే నిత్యమైనది. నిత్యమైనదానికి కంఠశోషతో రక్షణ కలగదు. దానికి ఆచరణతోనే ఆరాధన. సంధ్యావందనం మానినవాడు, తల్లిదండ్రులను వృద్ధాశ్రమంలో వదిలినవాడు, కట్నం లెక్కపెట్టి పుచ్చుకున్నవాడు సనాతనం పేరుతో కేకలు వేస్తే, ఆ లక్షణానికి అసంభవ దోషం పడుతుంది. కొమ్ముల గుర్తుతో గేదెను గోవని భ్రమించినట్లే, కాషాయ కండువా గుర్తుతో ప్రతి నాయకుణ్ణీ ధార్మికుడని భ్రమించడం అతివ్యాప్తి. భిన్నాభిప్రాయం చెప్పిన ప్రతివాణ్ణీ ధర్మద్రోహి అనడం, ఎదుటివారు ఛాందసుడని అన్నదానికి ప్రతిబింబం మాత్రమే. ఆదిశంకరులు మండనమిశ్రుని ఇంటికి వాదానికి వెళ్ళారని, ఆ వాదానికి మండనుని భార్య ఉభయభారతి మధ్యస్థురాలిగా కూర్చున్నదని సంప్రదాయం చెబుతుంది. ప్రతిపక్షి ఇంట, ప్రతిపక్షి భార్య ఎదుట వాదానికి కూర్చోగల ధైర్యం ఆ పరంపరది. ఆ పరంపర పేరు చెప్పుకొనేవారికి నినాదం చాలదు.

సాధకునికి ఈ శబ్దకోలాహలంలో చేయవలసిన పని కష్టమైనది కాదు. తన చెవిన పడిన ప్రతి రాజకీయ పదాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. దీనికి లక్షణం ఏమిటి? ఆ లక్షణం చెప్పినవారి పక్షానికీ సమానంగా పట్టునా? దీని వలన ఎవరి బ్రతుకులో ఏది మారుతుంది? మూడింటికీ సమాధానమున్న పదాన్ని, అది ఎవరి నోట వచ్చినా, ఆదరించాలి. లేనిదాన్ని స్వపక్షీయుడే పలికినా పక్కన పెట్టాలి. అడిగేటప్పుడు స్వరంలో కోపం ఉండకూడదు. వాదానికి లక్ష్యం తత్త్వనిర్ణయం గాని విజయం కాదని న్యాయశాస్త్రం మొదటే చెప్పింది.

హైదరాబాదులో చదివే ఆ యువకుడు సెలవులకు ఊరు చేరినప్పుడు నాయనమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతూ ఉంటుంది. ఎందుకు పెడుతున్నావని ఆమెను వినయంగా అడిగితే ఆమె తనకు తెలిసినంత చెబుతుంది. అది అతనికి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. నచ్చకపోతే తన హేతువు ఆమెకు చెప్పవచ్చు. అప్పుడు వారిద్దరి మధ్య జరిగేది వాదం. మూఢత్వమన్న ఒక్క మాట విసరి లోపలికి వెళ్ళిపోతే, అక్కడ అసలు వివేకమే లేదు.